రెస్టారెంట్ కూర ఇంట్లో: ఏ గ్రేవీ పద్ధతి ఎవరికి సరిపోతుంది?

పనీర్ బటర్ మసాలా ఎలా చేయాలో వెతికితే ఒకరు ఉల్లిపాయలు ఉడకబెట్టి రుబ్బమంటారు, ఇంకొకరు ఎర్రగా వేయించమంటారు, మరొకరు అసలు ఉల్లిపాయే వద్దంటారు. ముగ్గురూ తప్పు చెప్పడం లేదు. ఒక్కొక్కరు ఒక్కో వంటగది పద్ధతి నుంచి ఒక ముక్క తెచ్చి మన ముందు పెడుతున్నారు. మనం మూడింటినీ కలిపేసి, చివరికి ఇంటి కూరకూ హోటల్ కూరకూ మధ్య ఎక్కడో ఆగిపోతున్నాం.

రాత్రి ఎనిమిదింటికి రెస్టారెంట్‌లో కూర చెబితే పావుగంటలో బల్ల మీదకు వస్తుంది. ఆ పావుగంటలో ఎవరూ పచ్చి ఉల్లిపాయ తరిగి వేయించరు. పొద్దున్నే పెద్ద గిన్నెల్లో రెండు మూడు రకాల గ్రేవీలు తయారైపోయి ఉంటాయి. ఉల్లి-టమాటా గ్రేవీ ఒకటి, టమాటా, వెన్నలతో చేసే మఖనీ ఒకటి, జీడిపప్పుతో చేసిన తెల్లది ఒకటి. సాయంత్రం మనం చెప్పిన కూరకు తగిన గ్రేవీ తీసి, పెద్ద మంట మీద వెన్నలోనో నూనెలోనో వేయించి, ముక్కలు వేసి, చివరి మసాలాతో దించుతారు. పొద్దున జరిగిన నిదానమైన వంట, సాయంత్రం జరిగిన వేగమైన వంట కలిసి ఆ రుచినిస్తాయి. ఇంట్లో ఈ రెండు పనులనూ ఒకే అరగంటలో ఇరికిస్తాం కనుక రెండూ సగం సగమే అవుతాయి. కాబట్టి ఏ మసాలా పొడి కొనాలన్నది తర్వాతి మాట. ముందు ఈ పనిని మన ఇంటికి తగినట్టు ఎలా పంచుకోవాలో తేల్చుకోవాలి.

## ఎంచుకునే ముందు చూసుకోవలసినవి

అన్నిటికంటే ముందు చూడవలసింది మీకు ఏ కూర కావాలన్నది. షాహీ పనీర్, కడాయి చికెన్, గోంగూర మాంసం, ఈ మూడూ హోటల్ మెనూలో పక్కపక్కనే ఉంటాయి గానీ మూడింటి పునాదులు వేరు. ఒకే గ్రేవీతో అన్నీ చేస్తే అన్నీ ఒకే రుచిలో ఉంటాయి. మామూలు హోటళ్లలో ఏ కూర చెప్పినా ఒకేలా అనిపించడానికి కారణం కూడా ఇదే.

రెండోది, ఎంత తరచుగా వండుతారన్నది. వారానికి రెండుసార్లు వండేవారికి ముందే చేసిపెట్టుకున్న గ్రేవీ వరం. రెండు నెలలకోసారి చుట్టాలొచ్చినప్పుడు మాత్రమే వండేవారికి అది ఫ్రీజర్‌లో చోటు తినే గడ్డ.

మూడోది సమయం. ఎన్ని గంటలు పడుతుందన్నదాని కంటే అది ఏ రోజున పడుతుందన్నది ముఖ్యం. ఆదివారం మధ్యాహ్నం గంటన్నర ఇవ్వగలిగిన మనిషి బుధవారం రాత్రి ఇరవై నిమిషాలు కూడా ఇవ్వలేకపోవచ్చు.

ఆ తర్వాత ఫ్రీజర్, పొయ్యి, తినే మనుషులు. ఎండాకాలంలో గంటల తరబడి కరెంటు పోయే ఊళ్లలో ఫ్రీజర్ మీద ఆధారపడిన పద్ధతి నమ్మదగినది కాదు. ఇంట్లో కొవ్వు తగ్గించమని డాక్టర్ చెప్పినవారు ఉంటే మఖనీ, తెల్ల గ్రేవీలు నెలకోసారి వంటలే అవుతాయి.

పొయ్యి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఉల్లిపాయలో సుమారు 89 శాతం నీళ్లే, టమాటాలో ఇంకా ఎక్కువ, 94 శాతం దాకా. నీళ్లు ఉన్నంతసేపూ గిన్నెలో వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఉల్లిపాయ ఎర్రబడి తీపి, కమ్మదనం రావాలంటే దాదాపు 140 డిగ్రీలు దాటాలి. ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీ మయార్ 1912లో వివరించిన రసాయన చర్య అప్పుడే జోరందుకుంటుంది. కిలో ఉల్లిపాయల్లోని నీటిని ఆవిరి చేయడానికి హోటల్ బర్నర్‌కు పట్టే సమయం వేరు, మన ఇంటి గ్యాస్ పొయ్యికి పట్టే సమయం వేరు. పది నిమిషాల్లో ఉల్లిపాయ ఎర్రబడుతుందని చెప్పే వంటకాన్ని నమ్మవద్దు. అరకిలో ఉల్లిపాయకైనా ఇంటి పొయ్యి మీద పాతిక నిమిషాలు పడుతుంది.

## ఒక్క చూపులో

| పద్ధతి | ముందుగా పట్టే పని | వండే పూట పని | బాగా కుదిరే కూరలు | నిల్వ | కొవ్వు |
|---|---|---|---|---|---|
| అప్పటికప్పుడు వండడం | లేదు | 45 నిమిషాల నుంచి గంటన్నర | ఇగుర్లు, మటన్ కూరలు, కడాయి, చెట్టినాడ్ | అవసరం లేదు | మన చేతిలో |
| ఉల్లి-టమాటా గ్రేవీ | గంటన్నర | 15 నిమిషాలు | పనీర్ మసాలా, మిక్స్‌డ్ వెజ్, ఎగ్ మసాలా, చికెన్ మసాలా, చోలే | ఫ్రీజర్‌లో 2 నెలలు | మధ్యస్థం |
| మఖనీ గ్రేవీ | గంట | 10 నిమిషాలు, చికెన్ కాల్చడం అదనం | బటర్ చికెన్, పనీర్ బటర్ మసాలా | క్రీమ్ లేకుండా 2 నెలలు | ఎక్కువ |
| తెల్ల గ్రేవీ | 40 నిమిషాలు | 15 నిమిషాలు | షాహీ పనీర్, మలై కోఫ్తా, మేథీ మటర్ మలై | ఫ్రిజ్‌లో 2 రోజులు | ఎక్కువ |
| బ్రిటన్ తరహా పలచని గ్రేవీ | గంటన్నర | 10 నిమిషాలు | అక్కడి టిక్కా మసాలా, మద్రాస్, జల్‌ఫ్రేజీ | ఫ్రీజర్‌లో 2 నెలలు | మధ్యస్థం |
| ప్యాకెట్ గ్రేవీ | లేదు | 15 నిమిషాలు | అత్యవసరానికి | ప్యాకెట్ మీది తేదీ వరకు | లేబుల్ చూడాలి |

## అప్పటికప్పుడు వండడం

ముందే చేసిపెట్టుకునే గ్రేవీలను ఎంత మెచ్చుకున్నా, కొన్ని కూరలకు అవి పనికిరావు. ఎముకతో ఉన్న మటన్ మసాలాతో పాటే ఉడకాలి. ముక్కలోని రసం మసాలాలోకి, మసాలా ముక్కలోకి పోవాలి. విడిగా కుక్కర్‌లో ఉడికించిన మటన్‌ను గ్రేవీలో వేస్తే నోట్లో రెండూ విడివిడిగానే తెలుస్తాయి. గోంగూర మాంసం, రాయలసీమ తరహా నాటుకోడి పులుసు, కోడి ఇగురు, చెట్టినాడ్ చికెన్ ఇవన్నీ ఈ దారిలోనే వండాలి. చెట్టినాడ్‌లో మిరియాలు, సోంపు, రాతిపువ్వు, కొబ్బరి వేయించి అప్పుడే రుబ్బిన వాసనే కూరకు ప్రాణం. వారం క్రితం రుబ్బి గడ్డకట్టించిన ముద్దలో ఆ వాసన మిగలదు.

కడాయి పనీర్, కడాయి చికెన్ కూడా ఇటువైపే. రెండు చెంచాల ధనియాలు, ఐదారు ఎండుమిర్చి, అర చెంచా మిరియాలు నూనె లేకుండా వేయించి కచ్చాపచ్చాగా దంచి, తరిగిన ఉల్లి-టమాటాలో వేస్తే చాలు. దీనికి మెత్తని గ్రేవీ వాడితే కడాయి కూర కాస్తా బటర్ మసాలాకు చెల్లెలైపోతుంది.

ఇద్దరు ముగ్గురికి మాత్రమే వండేవారికి ఈ పద్ధతి బాగా నప్పుతుంది. రెండు ఉల్లిపాయలే కాబట్టి తొందరగా వేగుతాయి, ఇంటి మంట సరిపోతుంది. పదిమందికి వండేటప్పుడే ఇది చేతులెత్తేస్తుంది. గిన్నె నిండిపోయి ఉల్లిపాయ వేగడానికి బదులు ఉడుకుతుంది. అంతమందికి వండాలంటే ఉల్లిపాయను రెండు విడతలుగా వేయించుకోవాలి, లేదా బిరియానీకి చేసినట్టు ముందే నూనెలో ఎర్రగా వేయించి పెట్టుకోవాలి. అలా వేయించిన ఉల్లిపాయను పెరుగుతో కలిపి రుబ్బితే ఖుర్మాకు మంచి పునాది దొరుకుతుంది. బజారులో దొరికే వేయించిన ఉల్లిపాయ ప్యాకెట్లు కూడా ఈ పనికి వస్తాయి, వాసన చూసి నూనె ముక్కిపోలేదని తేల్చుకున్నాక.

## ఉల్లి-టమాటా గ్రేవీ

ఒకే ఒక గ్రేవీ చేసిపెట్టుకోవాలనుకుంటే ఇదే చేయండి. మన రెస్టారెంట్ మెనూల్లో చాలా కూరల కింద ఉండేది ఇదే.

కిలో ఉల్లిపాయలు, 750 గ్రాముల టమాటాలు, 150 మిల్లీలీటర్ల నూనె, చెరి 50 గ్రాముల అల్లం, వెల్లుల్లి. నూనెలో బిరియానీ ఆకు, నాలుగు యాలకులు, నాలుగు లవంగాలు, చిన్న దాల్చిన చెక్క, చెంచా జీలకర్ర వేసి, సన్నగా ఒకే మందంలో తరిగిన ఉల్లిపాయలు కొంచెం ఉప్పుతో వేయించాలి. ఉప్పు నీటిని త్వరగా బయటకు లాగుతుంది. మొదటి పావుగంట పెద్ద మంట మీదే ఉంచవచ్చు, అప్పుడు నీళ్లు పోవడమే జరుగుతుంది. రంగు మారడం మొదలైనప్పటి నుంచి మంట తగ్గించి గిన్నె దగ్గరే ఉండాలి. అడుగున పట్టిన ఎర్రటి పొరను రెండు చెంచాల నీళ్లు చల్లి గీకి మళ్లీ ఉల్లిపాయలో కలిపేయాలి. రుచి ఎక్కువగా ఉండేది ఆ పొరలోనే.

ముదురు బంగారు రంగు వచ్చాక అల్లం వెల్లుల్లి ముద్ద వేసి పచ్చి వాసన పోనిచ్చి, మంట బాగా తగ్గించి అర చెంచా పసుపు, రెండు పెద్ద చెంచాల కశ్మీరీ కారం, మూడు పెద్ద చెంచాల ధనియాల పొడి వేయాలి. మిరపలోని ఎరుపు నూనెలో కరిగే రంగు. అందుకే పొడి ముందు నూనెలో తడవాలి, కానీ మాడకూడదు. వెంటనే టమాటా గుజ్జు పోస్తే మాడడం ఆగుతుంది. ఇక నూనె అంచుల్లో తేలే దాకా, సుమారు అరగంట మగ్గనివ్వాలి. చల్లారాక ఆకు, చెక్క తీసేసి, సగం మిక్సీలో మెత్తగా రుబ్బి మిగతా సగం అలాగే ఉంచి కలపండి. పూర్తిగా మెత్తగా రుబ్బితే పనీర్ కూరలకు బాగుంటుంది గానీ, ఎగ్ మసాలాకూ చోలేకూ కొంచెం పలుకు ఉంటేనే అందం.

ఇలా చేస్తే దాదాపు 800 గ్రాములు వస్తుంది. 250 గ్రాముల పనీర్‌కో అరకిలో చికెన్‌కో 200 గ్రాములు చాలు, అంటే నాలుగు పూటల కూర. గరం మసాలా ఇందులో వేయకండి. వండే పూట వేస్తే ఒకనాడు కసూరీ మేథీ (ఎండు మెంతి ఆకు), ఒకనాడు సోంపు, ఒకనాడు మిరియాల పొడితో ఒకే గ్రేవీ నాలుగు రకాలుగా మారుతుంది.

టమాటా ఎంపిక ఇక్కడ చాలా ముఖ్యం. బెంగుళూరు టమాటాలో రంగు, గుజ్జు ఉంటాయి గానీ పులుపు తక్కువ. నాటు టమాటాలో పులుపు నిండుగా ఉంటుంది, రంగు తక్కువ. రెండూ సగం సగం వేస్తే చింతపండూ వెనిగరూ అక్కర్లేదు. మదనపల్లె మార్కెట్లో ధర పడిపోయి ఊరూరా టమాటా చవకగా దొరికే రోజుల్లో రెండు మూడు కిలోలతో గ్రేవీ చేసిపెట్టుకోవడం ఇంటి లెక్కకు కూడా మంచిది. 2023 జూలైలో కిలో వంద రూపాయలు దాటిన సంగతి ఎవరూ మరిచిపోలేదు.

ఈ గ్రేవీకి ఉన్న లోటు ఒక్కటే. ఉల్లిపాయను ఎర్రగా వేయించాం కనుక కూర రంగు గోధుమ ఎరుపులో ఉంటుంది. బటర్ చికెన్‌లో కనిపించే నారింజ రంగు దీనిలో రాదు, క్రీమ్ ఎంత పోసినా రాదు.

## మఖనీ గ్రేవీ

బటర్ చికెన్ కథ దేశ విభజన తర్వాత పెషావర్ నుంచి ఢిల్లీ వచ్చినవారు దర్యాగంజ్‌లో నడిపిన మోతీ మహల్ రెస్టారెంట్‌తో ముడిపడి ఉంది. దాన్ని ఎవరు కనిపెట్టారన్న వివాదం 2024లో ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లింది. ఆ గొడవ ఎటు తేలినా మన వంటకు పనికొచ్చే విషయం ఒకటుంది. తందూరీ చికెన్ ఆరిపోకుండా తడి చేయడానికి పుట్టిన గ్రేవీ ఇది. అంటే కాల్చిన చికెన్ ముందు, గ్రేవీ తర్వాత. పచ్చి చికెన్‌ను మఖనీ గ్రేవీలో ఉడికించి హోటల్ రుచి రాలేదని బాధపడేవారు చాలామంది. పెరుగు, అల్లం వెల్లుల్లి, కారం, నిమ్మరసం పట్టించిన ఎముక లేని ముక్కలను ఇనుప పెనం మీద అక్కడక్కడ నల్లమచ్చలు వచ్చేలా కాల్చుకుంటే సగం పని పూర్తయినట్టే.

గ్రేవీ తేలికే. సంప్రదాయ మఖనీలో ఉల్లిపాయ ఉండదు. కిలో ఎర్రగా పండిన టమాటాలు, 100 గ్రాముల జీడిపప్పు, ఆరు వెల్లుల్లి రెబ్బలు, అంగుళం అల్లం, నాలుగు యాలకులు, చిటికెడు జాపత్రి, రెండు పెద్ద చెంచాల కశ్మీరీ కారం, 50 గ్రాముల వెన్న, ఒక గ్లాసు నీళ్లు కలిపి మూతపెట్టి అరగంట ఉడికించి, చల్లారాక రుబ్బి, జల్లెడలో వడకట్టాలి. వడకట్టే పనిని దయచేసి వదిలేయకండి. టమాటా తొక్కలు, గింజలు, యాలకుల పీచు పోతేనే ఆ పట్టులాంటి నునుపు వస్తుంది. ఇంటి మఖనీకీ హోటల్ మఖనీకీ తేడా ఎక్కువగా ఈ జల్లెడ దగ్గరే ఉంది. వడకట్టినదాన్ని మరో 50 గ్రాముల వెన్నలో పావుగంట చిక్కబరచాలి. జీడిపప్పు ఉంది కనుక అడుగంటుతుంది, కలుపుతూనే ఉండాలి.

జీడిపప్పు గుండ్లు కొననవసరం లేదు. పలాస నుంచి వచ్చే ముక్కల పప్పు చాలా చవక, రుబ్బాక తేడా తెలియదు. ఇంకా తగ్గించాలంటే సగం జీడిపప్పు, సగం కర్బూజ గింజల పప్పు వాడవచ్చు.

క్రీమ్, చక్కెర లేదా తేనె, కసూరీ మేథీ వండే పూటే వేయాలి. కడాయిలో చెంచా వెన్న, గ్రేవీ, కాల్చిన ముక్కలు, ఐదు నిమిషాల తర్వాత దించే ముందు రెండు మూడు పెద్ద చెంచాల క్రీమ్. 25 శాతం కొవ్వున్న ఫ్రెష్ క్రీమ్ పులుపు ఎక్కువున్న గ్రేవీలో గట్టిగా మరిగితే విరుగుతుంది, అందుకే మంట ఆపాకే పోయాలి.

పిల్లలున్న ఇళ్లకు ఇది ఇట్టే నచ్చుతుంది. కారం ఇష్టపడే ఇళ్లలో మాత్రం రెండోసారికి మొహం మొత్తుతుంది, గుంటూరు కారం కలిపి సర్దుబాటు చేసినా ఈ గ్రేవీ స్వభావం తీపి వైపే.

రంగు గురించి కూడా ఒక మాట. కొన్ని చోట్ల కనిపించే మెరిసే ఎరుపు టమాటాతో వచ్చింది కాదు, కృత్రిమ రంగుది. 2024 జూన్‌లో కర్ణాటక ప్రభుత్వం కబాబ్‌లలో కృత్రిమ రంగులను నిషేధించింది. ఇంట్లో ఆ రంగు రాలేదని చింతించకండి. కశ్మీరీ మిరప, లేదా బ్యాడగి మిరప నానబెట్టి రుబ్బి వేస్తే వచ్చే ఎరుపే అసలు ఎరుపు.

## తెల్ల గ్రేవీ

షాహీ పనీర్, మలై కోఫ్తా, మేథీ మటర్ మలై కోరుకునేవారికి వేరే దారి లేదు. అరకిలో ఉల్లిపాయలు, 100 గ్రాముల జీడిపప్పు, రెండు పచ్చిమిర్చి కలిపి నీళ్లలో ఉడకబెట్టి రుబ్బి, యాలకులు వేసిన నెయ్యిలో రంగు మారకుండా సన్న మంట మీద వేయించి, చిలికిన పెరుగు కలపడమే. ఉల్లిపాయ ఉడికించిన నీళ్లు పారబోయాలి, లేకపోతే తీపి ఘాటు మిగిలిపోతుంది.

కష్టమంతా పెరుగుతోనే. పుల్లని పెరుగు, పెద్ద మంట కలిస్తే విరుగుతుంది. కమ్మటి పెరుగులో చెంచా శనగపిండి కలిపి చిలికి, మంట బాగా తగ్గించి, ఒక్కో గరిటె చొప్పున పోస్తూ మరుగు వచ్చేదాకా కలుపుతూ ఉండాలి. ఫ్రీజర్‌లో పెట్టి తీస్తే పెరుగు పలుకుపలుకుగా మారుతుంది కనుక నిల్వకు పనికిరాదు. నిల్వ చేయాలంటే పెరుగు కలపకముందు ముద్దనే చేయండి. నా దృష్టిలో ఇది విందులకు సరిపోయే వంట, వారం మధ్యలో తలపెట్టేది కాదు.

## బ్రిటన్ తరహా పలచని గ్రేవీ

బ్రిటన్‌లో కొన్నాళ్లు ఉండి వచ్చినవారు అక్కడి కూర రుచి ఇక్కడ ఎక్కడా దొరకలేదంటారు. నిజమే, అది వేరే వంట. అక్కడి భారతీయ రెస్టారెంట్లలో చాలావాటిని నడిపింది సిల్హెట్ ప్రాంతం నుంచి వెళ్లిన బంగ్లాదేశీయులు. చికెన్ టిక్కా మసాలాను 2001లో అప్పటి విదేశాంగ మంత్రి రాబిన్ కుక్ నిజమైన బ్రిటిష్ జాతీయ వంటకమన్నారు.

అక్కడి పద్ధతిలో ఉల్లిపాయ వేగదు, ఉడుకుతుంది. కిలోన్నర ఉల్లిపాయలు, ఒక క్యారెట్, ఒక కాప్సికం, కాస్త టమాటా, అల్లం వెల్లుల్లి, నూనె, పొడులు నీళ్లతో గంటకు పైగా ఉడికించి, సూప్ అంత పలచగా రుబ్బుతారు. వండేటప్పుడు వేడి నూనెలో వెల్లుల్లి, పొడులు, టమాటా పేస్ట్ వేసి, ఈ వేడి గ్రేవీని గరిటె గరిటెగా పోస్తూ పెద్ద మంట మీద కడాయి అంచుల్లో ఎండనిచ్చి గీకి కలుపుతారు. ఉల్లిపాయలో రాని ఎరుపు రుచి ఆ అంచుల్లో వస్తుంది.

హైదరాబాద్ హోటల్ రుచి కోసం దీన్ని ఎంచుకుంటే నిరాశే. అక్కడి రుచే కావాలనుకునేవారికి మాత్రం మరో మార్గం లేదు.

## ప్యాకెట్ గ్రేవీలు

హాస్టల్ గదిలో ఇండక్షన్ పొయ్యి మీద వండుకునేవారికి, ప్రయాణం నుంచి రాత్రి పదింటికి ఇల్లు చేరినవారికి ప్యాకెట్ తప్పేమీ కాదు. కొనేటప్పుడు లేబుల్‌లో పదార్థాల వరుస చూడండి. బరువు ఎక్కువున్నదే ముందు రాయాలన్నది నిబంధన. మొదటి రెండు మూడింటిలో టమాటా, ఉల్లిపాయ, జీడిపప్పు ఉంటే మంచిదే. నీళ్లు, స్టార్చ్, చక్కెర ముందుంటే వదిలేయండి. వండేటప్పుడు ఉప్పు వేయకుండా మొదలుపెట్టాలి, వాటిలో ఇప్పటికే సరిపడా ఉంటుంది. చెంచా వెన్నలో తాజా అల్లం వెల్లుల్లి వేయించి దాని మీద ప్యాకెట్ పోస్తే డబ్బా వాసన చాలావరకు తగ్గుతుంది.

## ఏ పద్ధతికైనా చివరి పది నిమిషాలు

గ్రేవీ ఎంత బాగా కుదిరినా ఇక్కడ తడబడితే ఇంటి కూరగానే మిగులుతుంది.

రెండు మూడు వడ్డనలకు మించి ఒకేసారి వండకండి. హోటల్‌లో ఒక ఆర్డర్‌కు ఒక కడాయి. మన చిన్న మంటకు గిన్నె నిండా గ్రేవీ పోస్తే అది ఉడుకుతూనే ఉంటుంది తప్ప వేగదు. ఆరుగురికి కావాలంటే రెండు విడతలు చేయండి, ఒక్కోటి ఏడెనిమిది నిమిషాలే. ఇనుప కడాయి లేదా మందపాటి స్టీల్ మూకుడు వాడాలి. నాన్‌స్టిక్‌లో అంచులు ఎండి పట్టవు, గీకడానికి ఏమీ ఉండదు.

నీళ్లు వేడివే పోయాలి. చల్లనీళ్లతో అప్పటిదాకా ఎక్కిన వేడంతా పోతుంది.

కసూరీ మేథీని పెనం మీద అర నిమిషం వెచ్చబెట్టి అరచేతిలో నలిపి వేయండి, పచ్చిగా వేస్తే గడ్డి వాసన, ఎక్కువైతే చేదు. ముగ్గురి కూరకు చిన్న చెంచా చాలు. గరం మసాలా పావు చెంచా, మంట ఆపే ముందు.

ఉప్పు చివర మళ్లీ చూడాలి. క్రీమ్, జీడిపప్పు ఉప్పునూ కారాన్నీ మింగేస్తాయి. హోటల్ కూర రుచిగా అనిపించడానికి ఉప్పు, వెన్న మన ఇంటి కంటే ఎక్కువ ఉండడం కూడా ఒక కారణమని ఒప్పుకోవాలి. ఆరోగ్యం కోసం తగ్గిస్తే రుచి కొంత తగ్గుతుంది, ఆ లోటును పులుపుతో కొంత పూడ్చవచ్చు. అర చెంచా ఆమ్‌చూర్ (ఎండు మామిడి పొడి) లేదా చివర్లో నాలుగు చుక్కల నిమ్మరసం అందుకు సరిపోతుంది.

పొగ వాసన కావాలనుకుంటే నిప్పుకణిక ఉన్న చిన్న స్టీల్ గిన్నెను కూర మధ్యలో పెట్టి, దాని మీద నాలుగు చుక్కల నెయ్యి వేసి మూత పెట్టండి. రెండు మూడు నిమిషాలు మించితే చేదెక్కుతుంది. కిటికీలు తెరిచి ఉంచాలి. బటర్ చికెన్‌కూ దాల్ మఖనీకీ ఇది అద్భుతం. మన ఇగుర్లకు వద్దు, కరివేపాకు వాసనను పొగ చంపేస్తుంది.

## ఎవరు ఏది ఎంచుకోవాలి

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో, వారంలో రెండు పూటలు చపాతీలో పుల్కాలో తినేవారైతే, ఉల్లి-టమాటా గ్రేవీ ఆదివారం చేసుకోండి. పిల్లలకు బటర్ మసాలాలే ఇష్టమైతే దానితో పాటు మఖనీ కూడా నెలకోసారి. ఈ రెండూ ఉన్న ఫ్రీజర్‌తో మెనూలోని శాకాహార కూరల్లో చాలావరకు ఇంట్లోనే దొరుకుతాయి. రెండింటినీ సగం సగం కలిపితే హోటళ్లలో పనీర్ లబాబ్‌దార్ అనే కూరకు దగ్గరగా వస్తుంది.

మాంసాహారం, అందులోనూ మటన్ ఎక్కువగా వండే ఇళ్లకు గ్రేవీ నిల్వ అక్కర్లేదు. అల్లం వెల్లుల్లి ముద్ద, వేయించిన ఉల్లిపాయ, అప్పటికప్పుడు దంచుకునే మసాలా ఉంటే చాలు. మీ శ్రద్ధంతా ముక్క నానబెట్టడం మీద, సన్న మంట మీద పెట్టండి.

ఇరవైమందికి విందు చేసేవారు ఉల్లి-టమాటా గ్రేవీ ముందు రోజే చేసి, ఒక తెల్ల గ్రేవీ కూర, ఒక ఎర్ర కూర పెట్టుకుంటే బల్ల మీద రెండు రుచులు స్పష్టంగా తెలుస్తాయి. మూడు కూరలు ఒకే గ్రేవీతో చేయడం కంటే రెండే చేయడం మేలు.

కొవ్వు తగ్గించాల్సినవారు జీడిపప్పుకు బదులు ఉడికించిన సొరకాయ గుజ్జు కలిపి ఉల్లి-టమాటా గ్రేవీని చిక్కబరచవచ్చు. నూనె 150 నుంచి 80 మిల్లీలీటర్లకు తగ్గించి, అడుగంటినప్పుడల్లా నీళ్లు చల్లుతూ వేయించండి. సమయం ఎక్కువ పడుతుంది, ఫలితం మాత్రం బాగానే ఉంటుంది.

కార్తీక మాసంలో ఉల్లి, వెల్లుల్లి మానేసే ఇళ్లకు మఖనీ ఒక్కటే సహజంగా కుదురుతుంది. వెల్లుల్లి తీసేసి, అల్లం కొంచెం పెంచి, చిటికెడు ఇంగువ వెన్నలో వేస్తే ఏ లోటూ తెలియదు.

## నిల్వ

వండిన గ్రేవీని గది వేడిలో రెండు గంటలకు మించి ఉంచకూడదు. పెద్ద గిన్నెలో నెమ్మదిగా చల్లారుతుంది కనుక వెడల్పాటి పళ్లెంలో పరిచి చల్లార్చి ఫ్రిజ్‌లోకి మార్చండి. తెల్ల గ్రేవీ తప్ప మిగతావి ఫ్రిజ్‌లో మూడు రోజులు, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు నెలలు రుచి నిలుపుకుంటాయి. కరెంటు పోయి గ్రేవీ పూర్తిగా కరిగి వెచ్చబడితే ఆలోచించకుండా పారేయండి. వాడుకోవాల్సిన గ్రేవీని ముందు రాత్రే ఫ్రిజ్ కిందికి దించాలి. కరిగినదాన్ని మళ్లీ గడ్డకట్టించకూడదు కాబట్టి పెట్టెలు ఒక్క పూటకు సరిపడే 200 గ్రాములవే తీసుకుని, మూత మీద తేదీతో పాటు ఉప్పు వేశారో లేదో కూడా రాసిపెట్టండి.